నలభయ్యొకటి దాటాక

కోడి ఒళ్లు మన ఒంటికంటే వేడి. మన దేహం 37 డిగ్రీల దగ్గర నడుస్తుంటే కోడి దేహం 41, 42 డిగ్రీల మధ్య నడుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ అంకెతో కోళ్లు పెంచేవాళ్లకు పెద్దగా పనిపడదు. వరంగల్‌లో ఏప్రిల్ సగం దాటిందంటే మాత్రం పెరట్లో దీన్ని మించిన సంగతి లేదు. హనుమకొండలోనో నర్సంపేటలోనో నీడపట్టున వేలాడదీసిన థర్మామీటరు అప్పటికి 41 చూపించడం మొదలుపెడుతుంది. మే నెలలో 43, 44 మామూలే. 45 దాటిన రోజులనూ ఈ ప్రాంతం చూసింది. చుట్టూ ఉన్న గుట్టలు, బండలు పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని వదులుతూనే ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటను ఇక్కడ ఎవరూ మాటవరసకు అనరు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండువేలకు పైగా మనుషులే చనిపోయారు. ఆ ఎండలో పెరట్లో తిరిగే ప్రాణుల సంగతి వేరే చెప్పాలా?

41 ఎందుకంత ముఖ్యం? వేడి ఎప్పుడూ ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పోతుంది. గాలి 30 డిగ్రీలుంటే కోడి ఒంటి వేడి దానంతటదే గాలిలోకి పోతుంది. చల్లటి మట్టిలో పొట్ట ఆనిస్తే నేలలోకి పోతుంది. చుట్టూ ఉన్న గోడలకు కిరణాలుగా పోతుంది. గాలి, గోడ, నేల అన్నీ 41 దగ్గరికి వచ్చాయంటే ఈ మూడు దారులూ ఒక్కసారే మూసుకుపోతాయి. 43కు చేరితే అవే దారుల్లో వేడి వెనక్కి తిరిగి కోడి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు ఫ్యాను పెడితే పొడి ఈకల మీదికి ఇంకాస్త వేడిగాలిని పంపడమే అవుతుంది. ఒంటి వేడి 46, 47 డిగ్రీలకు చేరిన కోడి బతకదు. అంటే మామూలు స్థితికీ చావుకూ మధ్య దానికున్న ఎడం ఐదు డిగ్రీలే. ఆ ఐదు డిగ్రీలను కాపాడుకోవడానికి మిగిలే దారి ఒకటే: నీటిని ఆవిరి చేయడం.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క దారి గురించే. ఎండకాలంలో పెరటికోళ్ల కోసం మనం చేసే ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో కొలవచ్చు. కోడి ఒంట్లోని నీరు ఆవిరి కావడానికి ఇది తోడ్పడుతోందా, అడ్డుపడుతోందా? అలా కొలిచి చూస్తే, ప్రేమకొద్దీ చేసే పనుల్లో కొన్ని కోడికి ప్రాణాంతకమని తెలుస్తుంది.

పెట్ట ఎందుకు రొప్పుతుంది

మధ్యాహ్నం రెండింటికి వేపచెట్టు కింద, కుడితి గోలెం పక్కన నిలబడ్డ పెట్టను దగ్గర్నుంచి చూడండి. రెక్కలను ఒంటికి ఆనించకుండా ఎడంగా పట్టుకుని ఉంటుంది. రెక్కల కింద, తొడల లోపలివైపు ఈకలు పలచన. అక్కడ గాలి తగలాలని అలా నిలబడుతుంది. తల మీది తురాయి, గొంతు కింద వేలాడే చర్మం మామూలుకంటే ఎర్రగా ఉంటాయి. ఈకల్లేని ఆ చోట్లకూ, కాళ్లకూ గుండె రక్తాన్ని ఎక్కువగా పంపిస్తుంటుంది. ముక్కు తెరిచే ఉంటుంది. గొంతు దగ్గరి పలచటి చర్మం ఆగకుండా అదురుతుంటుంది. చల్లని పూట నిమిషానికి 20, 30 సార్లు ఊపిరి తీసే పెట్ట ఇప్పుడు 150, 200 సార్లు తీస్తోంది. కోడికి చెమట గ్రంథులు లేవు. మనకు చర్మం చేసిపెట్టే పనిని దానికి నోరు, గొంతు, శ్వాసనాళం లోపలి తడి పొరలు చేయాలి. అందుకే రొప్పడం.

ఇందులో చిన్న లెక్క ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి దానితో పాటే పోతుంది. రెండు కిలోల పెట్ట ఊరికే నిలబడి ఉన్నా ఒంట్లో సుమారు 8 నుంచి 10 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడంతా ఆవిరి దారినే పోవాలంటే గంటకు 15 మిల్లీలీటర్ల దాకా నీళ్లు ఖర్చు. పొద్దున 10 నుంచి సాయంత్రం 6 దాకా 120 మిల్లీలీటర్లు, చిన్న చాయ్ గ్లాసుకు మించి. బయటి నుంచి వచ్చిపడే వేడికీ, రొప్పడంలో కండరాలు పడే శ్రమకూ మరికొంత. మామూలు రోజుల్లో కోడి తిన్న మేతకు సుమారు రెండింతల నీళ్లు తాగుతుంది. 38 డిగ్రీలు దాటితే మేత తగ్గి, నీళ్లు నాలుగైదింతలకు చేరతాయి.

ఈ భౌతికశాస్త్రం వరంగల్ ఇళ్లకు కొత్తదేమీ కాదు. వాకిట్లోని మట్టి నీళ్లకుండ, అదే రంజన్, చేసే పని ఇదే. మట్టిలోని సన్నటి రంధ్రాల గుండా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. ఎంతవరకు చల్లబరచగలదో తేల్చేది గాలిలోని తేమ. వాతావరణ కేంద్రాల్లో రెండు థర్మామీటర్లను పక్కపక్కన పెట్టి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంచుతారు. తడిగుడ్డ చుట్టినది చూపించేదే తడిబల్బు ఉష్ణోగ్రత. ఆవిరి దారిన ఎంతవరకు దిగొచ్చో దానికి అదే హద్దు. గాలి 43 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మే మధ్యాహ్నం తడిబల్బు 25 దగ్గర నిలుస్తుంది. మన ఎండ ఎంత కఠినమైనా పొడి ఎండ. పొడిగాలి నీటిని ఆత్రంగా లాక్కుంటుంది. నీళ్లు అందుతున్నంతసేపూ కోడి 43 డిగ్రీల్లో కూడా తట్టుకుని నిలబడుతోందంటే ఆ పొడితనం వల్లనే.

చల్లటి నీళ్లు, నీళ్లున్న చోటు

కాబట్టి మొదటి పని నీళ్లు. నీళ్లు పెట్టామా లేదా అన్నది ప్రశ్నే కాదు, పెట్టని ఇల్లుండదు. అవి ఎంత వేడిగా ఉన్నాయి, ఎక్కడున్నాయి అన్నవే అసలు ప్రశ్నలు. కాగిన నీళ్లను కోడి సరిగా తాగదు. ముక్కు ముంచి, తల విదిలించి వెళ్లిపోతుంది. మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం పూట పంపులో వచ్చే నీళ్లను ఒకసారి మన మణికట్టు మీద పోసుకుని చూస్తే, అది ఎందుకు విదిలిస్తోందో తెలుస్తుంది. తెల్లవారుజామున పట్టి రంజన్‌లో పోసి ఉంచిన నీళ్లను మధ్యాహ్నం మట్టి మూకుళ్లలో పోయండి. మూకుడు కూడా మట్టిదే కాబట్టి అది కూడా చల్లబరుస్తూనే ఉంటుంది. పది కోళ్లున్న ఇంట్లో ఒకే పాత్ర సరిపోదు. బలమైన పుంజు, పెద్ద పెట్ట నీళ్ల దగ్గర నిలబడితే చిన్నవి దగ్గరికి రావు. దాహంతో పడిపోయేవి ఎక్కువగా అవే. మూడు నాలుగు మూకుళ్లు, వేర్వేరు చెట్ల మొదళ్లలో, ఎండ తిరిగినా నీడ తప్పని చోట్ల పెట్టండి. నీళ్ల కోసం ఎండలో పది అడుగులు నడవాల్సి వస్తే కోడి నీడనే ఎంచుకుంటుంది, నీళ్లను వదులుకుంటుంది.

రొప్పే కోడికి నీళ్లతో పాటు లవణాలు కూడా పోతాయి. మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్‌ను ఎండ ఎక్కువున్న మూడు నాలుగు గంటలు ఒక పాత్రలో పెట్టి, పక్కనే మంచినీళ్లు కూడా ఉంచితే ఏది కావాలో అవే తాగుతాయి. కోడి విటమిన్ సి ని తన మూత్రపిండాల్లో తానే తయారుచేసుకుంటుంది, మనకు ఆ శక్తి లేదు. ఎండ దెబ్బకు మాత్రం ఆ తయారీ చాలదు. నీళ్లలో కాస్త నిమ్మరసం పిండే పాత అలవాటుకు అంతమేరకు ఆధారం ఉంది.

నీడ అంటే చెట్టు నీడ అన్నిటికన్నా మేలు. ఆకులు నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటాయి కాబట్టి వేప, చింత, కానుగ కింది గాలి రేకుల నీడలోని గాలికంటే చల్లన. ఎండలో కాగిన రేకు 60 డిగ్రీలు దాటుతుంది. దాని కింద నీడ ఉంటుంది కానీ రేకు అడుగు నుంచి వేడి కిరణాలు కోడి వీపు మీద పడుతూనే ఉంటాయి. చెట్లు లేని ఇంట్లో రేకుల మీద తెల్లటి సున్నం వేయండి. దాని మీద జానెడు మందాన వరిగడ్డో తాటికమ్మలో పరవండి. పత్తికట్టెతో నాలుగు గుంజల పందిరి వేసినా రేకులకంటే నయమే.

తడిపితే చల్లబడుతుందనే భ్రమ

ఇప్పుడు ప్రేమకొద్దీ జరిగే నష్టం గురించి. కోళ్లు రొప్పుతున్నాయని మధ్యాహ్నం వాటిని గూట్లోకి తోలి, తలుపేసి, నేలంతా నీళ్లు చల్లి, గోనె బస్తాలు తడిపి నాలుగువైపులా కట్టేవాళ్లు చాలామంది. గంట తర్వాత తెరిచి చూస్తే ఒకటో రెండో పడిపోయి ఉంటాయి. ఎండకు పోయాయనుకుంటారు. నిజానికి గూట్లో తేమ పెరిగిపోయి, కోళ్ల నోటి నుంచి నీరు ఆవిరి కాక పోయాయి. మూసిన గదిలో తేమ 20 శాతం నుంచి 70 శాతానికి పెరగడానికి ఎంతోసేపు పట్టదు. కోళ్లు వదిలే ఊపిరిలో ఉండేదీ ఆవిరే మరి. నీళ్లు ఉండాల్సింది కోడి కడుపులో, కోడి చుట్టూ ఉన్న గాలిలో కాదు.

తడి గోనెకు నేను వ్యతిరేకిని కాను. గాలి వచ్చే వైపు ఒక్క పక్కన కట్టి, ఎదురుగా ఉన్న పక్కను పూర్తిగా తెరిచి ఉంచితే అది మంచి ఏర్పాటు. పొడిగాలి గోనె గుండా వచ్చి, చల్లబడి, కోళ్ల మీదుగా పోయి, వాటి ఊపిరి తేమను కూడా వెంటబెట్టుకుని అవతలి వైపు బయటపడాలి. గాలి పోవడానికి దారి లేని చోట తడి చేయకండి. బయట చెట్టు కింద మట్టిని తడపడం కూడా మంచిదే. కోళ్లు దాన్ని గీరి గుంట చేసుకుని, పొట్ట ఆనించి పడుకుంటాయి. నేల చల్లబడితే మూసుకుపోయిన దారుల్లో ఒకటి మళ్లీ తెరుచుకుంటుంది. ఆ గుంటలో పడుకున్నదాన్ని మాత్రం కదిలించకండి.

రాత్రి గూడు సంగతి ఇంకా ముఖ్యం. పిల్లి, ముంగిస, పాము భయంతో చాలా ఇళ్లలో గూళ్లకు చిన్న తలుపు తప్ప మరో సందు ఉండదు. పది కోళ్లు చేరితే లోపల 80 నుంచి 100 వాట్ల వేడి, దానికి తోడు వాటి ఊపిరి తేమ. పగలంతా కాగిన గోడ వేడి వేరే. పగలు తట్టుకున్న కోడి రాత్రి పదింటికి గూట్లో పోవడం అందుకే. తలుపు చెక్కను తీసేసి సన్నటి ఇనుప జాలి బిగించడానికి అయ్యే ఖర్చు ఒక గుడ్లపెట్ట ధరకంటే ఎక్కువ కాదు. ఇన్ని సలహాల్లో ఒక్కటే చేయగలిగే ఇంటికి నేను ఆ జాలి సంగతే చెబుతాను.

మేత గురించి క్లుప్తంగా. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి తిన్న నాలుగైదు గంటలకు పతాకస్థాయికి చేరుతుంది. పొద్దున పదింటికి మక్కలు చల్లితే, ఎండ మండిపోయే రెండింటికి లోపలి మంట కూడా జతకలుస్తుందన్నమాట. తెల్లవారగానే నూకలు, మక్కలు, తవుడు పెట్టేయండి. మళ్లీ పొద్దు వాలాకే. మధ్యలో పుచ్చకాయ తొక్కలు, దోసకాయ ముక్కలు వేస్తే మేతకంటే నీరే ఎక్కువ వెళుతుంది.

పలచబడే పెంకు

రొప్పడం కోడిని కాపాడుతుంది, దానికి బదులు కొంత వసూలు చేసుకుంటుంది కూడా. అంత వేగంగా ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల నుంచి బొగ్గుపులుసు వాయువు అవసరానికి మించి బయటికి పోతుంది. రక్తంలో ఆమ్లం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. గుడ్డు పెంకంటే కాల్షియం కార్బొనేట్. కార్బొనేట్ తయారయ్యేది రక్తంలో కరిగి ఉండే ఆ వాయువు నుంచే. అది రొప్పులో పోయింది కాబట్టి పెంకుకు సరుకు చాలదు. మే నెలలో గుడ్డు చేతిలోకి తీసుకోగానే చిట్లిపోవడానికి కారణం ఇదీ, మేత తగ్గడంతో సున్నం తగ్గడమూ.

దీన్ని పరీక్షించడానికి అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. వేడిలో ఉంచిన లెగ్‌హార్న్ పెట్టలకు మామూలు నీళ్ల బదులు సోడా తాగించారు. పోయిన వాయువును తాగే నీళ్లలో తిరిగి ఇస్తే ఏమవుతుందో చూద్దామని. పెంకులు గట్టిపడ్డాయి. ఆ ఫలితాన్ని 1985లో ప్రచురించారు. కోళ్లకు సోడా కొనిపెట్టమని కాదు చెప్పేది. కారణాన్ని సరిగ్గా పట్టుకున్నాక పరీక్ష ఎంత సూటిగా ఉండగలదో చూడమని. మన పెరట్లో చేయగలిగింది వేరే ఉంది. పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రి పూట. కాబట్టి నత్తగుల్లల పొడో ఆల్చిప్పల పొడో సాయంత్రం మేతతో విడిగా పెడితే, పెట్ట తనకు కావలసినంత ఏరుకు తింటుంది, అది ఆ రాత్రికే పనికొస్తుంది.

అరలో గుడ్డు

ఎండకాలంలో కోళ్లు చావడాన్ని అందరూ చూస్తారు. గుడ్ల లోపల జరిగే నష్టం కంటికి కనిపించదు.

పుంజు ఉన్న మందలో పెట్ట పెట్టిన గుడ్డులో, పచ్చసొన మీద తెల్లటి చిన్న చుక్కలా పిండం ఉంటుంది. గుడ్డు బయటికి వచ్చేటప్పటికే అందులో వేలకొద్దీ కణాలు ఏర్పడి ఉంటాయి. గుడ్డు చల్లబడితే ఆ పెరుగుదల ఆగిపోతుంది. 20 డిగ్రీలకు అటూఇటూ ఉంటే పిండం చావకుండా, ఎదగకుండా రోజుల తరబడి అలాగే ఉంటుంది. తర్వాత పెట్ట కింద పెట్టగానే మళ్లీ మొదలవుతుంది. పెట్ట రోజుకొకటి చొప్పున పదిరోజులు గుడ్లు పెట్టి, అన్నిటినీ ఒకేసారి పొదిగి, పిల్లలను ఒకేరోజు తీయగలగడం ఈ ఏర్పాటు వల్లనే.

పొదగడానికి కావలసిన వేడి 37.5 డిగ్రీలు. మే నెలలో వరంగల్ ఇంట్లో వంటగది అర మీద ఉండే వేడి కూడా దాదాపు అంతే! పెట్ట లేకుండానే పిండం లేచి కూర్చుంటుంది. పగలు ఎదుగుతుంది, రాత్రి కాస్త చల్లబడితే తడబడుతుంది, మళ్లీ పగలు ఎదుగుతుంది. తిప్పేవాళ్లు లేక, వేడి నిలకడ లేక, మూడు నాలుగు రోజులకు చచ్చిపోతుంది. ఆ గుడ్లను తెచ్చి పొదగేస్తే 21 రోజుల తర్వాత సగం మురిగిపోయి ఉంటాయి. నింద పుంజు మీదో, పెట్ట మీదో పడుతుంది. పుంజు వంతు కూడా లేకపోలేదు, ఎండలకు దాని వీర్యంలో పస తగ్గుతుంది. ఎక్కువ తప్పు మాత్రం ఆ అరదే. అనుమానముంటే చీకట్లో గుడ్డు వెనక ఫోను టార్చి పెట్టి చూడండి. పొదగేయకముందే లోపల ఎర్రటి నెత్తురు గీత కనిపిస్తే ఆ పిండం మొదలై ఆగిపోయిందని అర్థం.

"గుడ్లు గంపల పెట్టకు బిడ్డా, తడి ఇసుకల పెట్టు" అని మా పక్కింటి పెద్దమ్మ అనేది. ఆవిడ పద్ధతి: వెడల్పు మూతి కుండలో సగం దాకా ఇసుక, దాని మీద చెంబెడు నీళ్లు, పైన పొడిగుడ్డ, దాని మీద గుడ్లు మొనవైపు కిందికి ఉండేలా. కుండను ఇంట్లోకెల్లా చల్లని మూల, నేలలో కాస్త పూడ్చి పెట్టేది. పొడి ఎండలో ఆ కుండ లోపలి వేడి గదికంటే చాలా డిగ్రీలు తక్కువ. పిండం పూర్తిగా నిద్రపోయేంత చల్లదనం అక్కడా ఉండదు. అందుకే ఎండకాలంలో పొదగేయడానికి మూడు నాలుగు రోజులకు మించిన గుడ్లు వాడకండి. తినడానికైతే రోజూ రెండుపూటలా ఏరి తెచ్చుకోండి. పుంజు లేని మంద గుడ్లకు ఈ బాధ లేదు, అవి ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఎటువంటి కోడి

కోడి పూర్వికుడు ఎర్ర అడవికోడి, పొదల నీడలో తిరిగే పక్షి. అడవి నుంచి అది మనుషుల దగ్గరికి ఎప్పుడొచ్చిందన్న దానిమీద 2022లో వెలువడిన ఒక పరిశోధన, థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ తవ్వకాల్లో దొరికిన ఎముకలను క్రీ.పూ. 1650-1250 నాటి పెంపుడుకోళ్లవిగా గుర్తించింది. పొలాల్లో రాలిన వరి, చిరుధాన్యాల గింజలే దాన్ని చెట్ల నీడ నుంచి మనుషుల దగ్గరికి రప్పించాయని ఆ పరిశోధకుల వాదన. మన దక్షిణాదిలో ఉండే బూడిదరంగు అడవికోడి కూడా ఈ కథలో ఉంది. పెంపుడుకోడి కాళ్లకు పసుపురంగునిచ్చే జన్యువు దాన్నుంచి వచ్చిందని 2008లో తేలింది. మొత్తానికి కోడి నీడకు పుట్టిన పక్షి, ఎండను తప్పించుకుని బతకడమే దాని పద్ధతి. తప్పించుకునే చోటు చూపించకుండా కట్టేసి పెంచడం తగదు.

ఒళ్లు చిన్నదైతే బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. తక్కువ రోజుల్లో బరువెక్కేలా తయారుచేసిన తెల్ల బ్రాయిలర్‌కు ఒంట్లో పుట్టే వేడి ఎక్కువ, పోయే దారి తక్కువ. పెరట్లో దాన్ని మే నెల దాటించడం కష్టం. నాటుకోడి సునాయాసంగా దాటుతుంది, కానీ గుడ్లు తక్కువ. ఈ రెండింటి నడుమ దారి వెతికినవాళ్లు మన రాజేంద్రనగర్‌లోనే ఉన్నారు. 1988లో అక్కడ మొదలైన కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియలను ఇచ్చింది. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పెరటికోళ్ల కోసం రాజశ్రీని ఇచ్చింది. మామునూరులో ఆ విశ్వవిద్యాలయానికే చెందిన కృషి విజ్ఞాన కేంద్రం, పశువైద్య కళాశాల ఉన్నాయి. వరంగల్ వాళ్లు సలహా కోసం దూరం పోనక్కర్లేదు. గుడ్ల కోసమైతే బరువైన వనరాజకంటే తేలికైన గ్రామప్రియ, రాజశ్రీ మన ఎండకు నయమని నా అభిప్రాయం.

ఇంకో రకం కోడి ఉంది, మెడ మీద ఈకలు లేనిది. చూడ్డానికి బాగుండదని చాలామంది పెంచరు. ఒక్క జన్యువు తేడా అది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే ఒంటి మీద ఈకలు సుమారు ఐదోవంతు తగ్గుతాయి, ఇద్దరి నుంచీ వస్తే దాదాపు రెండింతలు తగ్గుదల. మెడ చర్మమే ఎందుకు బోడిదవుతుందో 2011లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఈకలను ఆపే సంకేతం ఒంటినిండా పెరిగినా, మెడ దగ్గరి చర్మం దానికి తేలిగ్గా లొంగుతుందట. ఎండప్రాంతాల్లో ఆ బోడి మెడ ఆస్తి. అందం కోసం దాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పడిపోయిన కోడి

ఎండ తగిలిన కోడికీ, రోగం తగిలిన కోడికీ తేడా తెలియాలి. ఎండకు రొప్పే కోడి పొద్దువాలి చల్లబడ్డాక రొప్పడం మానేస్తుంది. రాత్రి కూడా నోరు తెరిచే ఉంటే, పచ్చటి విరేచనాలవుతుంటే, మెడ వంకర పోతుంటే అది ఎండ కాదు, కొక్కెర రోగం. దాని టీకా బతికున్న వైరస్‌తో చేసేది. లసోటా అనే రకాన్ని మొదటివారంలో కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేస్తారు, ఆర్2బి అనే రకాన్ని రెండునెలల వయసులో సూదిగా ఇస్తారు. మంచుగడ్డల్లో పెట్టి తేవాలి, పొద్దు ఎక్కకముందే వేయాలి. చేతిసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చిన టీకా వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. వేడిని తట్టుకునే ఐ-2 అనే టీకా రకాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తయారుచేస్తే, ఫ్రిజ్‌లు లేని ఆఫ్రికా పల్లెల్లో అది చాలా ఇళ్లకు అందింది.

ఎండకు పడిపోయినదాన్ని వెంటనే నీడలోకి తేవాలి. వెడల్పు గిన్నెలో మామూలు చల్లటి నీళ్లు పోసి, కాళ్లు పూర్తిగా మునిగేలా నిలబెట్టి పట్టుకోండి. తురాయినీ గొంతు కింది చర్మాన్నీ తడపండి. రెక్కలు ఎత్తి వాటి కింద తడిచేసి విసరండి. ఇప్పుడు విసరడం పనికొస్తుంది, తడి ఉంది కాబట్టి. ఐసు నీళ్లు వద్దు, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహలేని కోడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల నిలబెట్టాక ముక్కును నీళ్లకు తాకిస్తే అదే తాగుతుంది.

మధ్యాహ్నం కోళ్లను తరమకూడదు, పట్టకూడదు. పరిగెత్తిన ఐదు నిమిషాల్లో పుట్టే వేడి చాలు, అప్పటికే హద్దు మీదున్న కోడిని పడగొట్టడానికి. అంగడికి తీసుకుపోయేవాళ్లు కాళ్లు కట్టి, బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసుకుని ఎర్రటి ఎండలో పోతుంటారు. తలకిందులుగా ఉన్న కోడి పేగుల బరువు ఊపిరి మీద పడి, రొప్పడానికి కూడా వీలుండదు. గంపలో పెట్టి తెల్లవారుజామున తీసుకుపోతే అంగడిలో ధర కూడా మెరుగ్గా పలుకుతుంది. ఆషాఢంలో బోనాలకు పుంజు అమ్ముదామని వేసవంతా పెంచిన ఇంటికి ఈ ఒక్క ప్రయాణంలో జరిగే నష్టం చిన్నది కాదు.

వాన పడ్డాక

మృగశిర వస్తుంది, ఒక వాన పడుతుంది. గాలి 43 నుంచి 37కు దిగుతుంది. మనకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, కోళ్ల మీద ధ్యాస తగ్గుతుంది. లెక్క తిరగబడేది సరిగ్గా ఇక్కడే. గాలి 37 డిగ్రీలు, తేమ 65 శాతం అయితే తడిబల్బు 31 దాటుతుంది. ఆరు డిగ్రీలు చల్లబడిన ఆ రోజున, ఆవిరి దారి మే నెలలో కంటే ఇరుకైంది. రంజన్‌లో నీళ్లు కూడా ఆ రోజుల్లో మే నెలలో అంత చల్లగా ఉండవు.

అందుకని జూన్ పద్ధతి వేరు. తడి గోనెలు విప్పేయాలి. నీళ్లు చల్లడం ఆపేయాలి. గాలి ఇప్పుడు 41 కంటే తక్కువ కాబట్టి మే నెలలో పనికిరాని ఫ్యాను ఇప్పుడు పనికొస్తుంది, మూసుకుపోయిన మొదటి దారి మళ్లీ తెరుచుకుంది. గూటిలో తడిసిన ఊకను తీసేసి పొడి ఊక పరవాలి. తడి ఊకలో కాక్సీడియా పెరిగి, పిల్లలకు రక్తవిరేచనాలు మొదలవుతాయి. మే నెలలో పుట్టిన పిల్లలకు ఎండ అంత భారం కాలేదు, మొదటివారంలో వాటికి కావలసిందే 33 నుంచి 35 డిగ్రీల వేడి. వాటికి కష్టకాలం ఈ తడి జూనే. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం, గాలి ఆకైనా కదలని పూట, గూడు తలుపు తెరిచి వాటిని చెట్టు కిందికి వదలండి. మూకుళ్లు ఇంకో నెలదాకా తీయకండి.